మెత్తని గాలపుటెరలు – సిలికోన్ రబ్బరు అచ్చులు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసపాఠము)



నేడు నేను విన్నవింపబూనిన విషయము చూచుటకు మిక్కిలి స్వల్పమైనది. గాలమునకు తగిలించు మెత్తని ప్లాస్టిక్ ఎరను ఇంటియొద్దనే పోసికొనుటకు సిలికోన్ రబ్బరుతో అచ్చు చేయు విధానమే ఆ విషయము. ఇంతటి సభలో చేపల ఎరల ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. దానికి సమాధానము రెండు మాటలలో చెప్పెదను. మొదటిది, ఇది పోతపని. కొలిమియెదుట కూర్చుండి పోతపని నెరిగిన పెద్దలు ఈ సభలో పలువురు కలరు. వారికి ఇది వినదగిన ముచ్చట. రెండవది, నేటి యువకులు చేతిఫోనులో బొమ్మలు చూచి, డబ్బాలు తెప్పించి, వంటయింటి పొయ్యిమీదనే ఈ పని మొదలిడుచున్నారు. బొమ్మలో పనిచేయు చేయి కనబడును గాని, ఆ చేయి ఏల అట్లు చేయుచున్నదో కనబడదు. కారణ మెరుగని చేయి కాలుటయు, ఊపిరికి విషవాయువు సోకుటయు అట్టి చోటనే సంభవించును. కావున పనియొక్క క్రమముతోపాటు, ఒక్కొక్క క్రమమునకు గల కారణమును చెప్పుటయే నా యుద్దేశము.

మొదట ఈ వస్తువులు ఎట్లు పుట్టినవో కొంచెము విచారింతము. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున ఏక్రన్ అను పట్టణము కలదు. అది మోటారు చక్రముల రబ్బరునకు పేరుపడ్డ ఊరు. అచ్చటి బి. ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేయుచుండిన వాల్డో సీమన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1926 ప్రాంతమున పాలివినైల్ క్లోరైడ్ అను గట్టి పదార్థమును, త్వరగా ఆవిరికాని ఒక నూనెవంటి ద్రవముతో కలిపి కాచగా, అది చల్లారినపిదప సాగుచు వంగుచు నుండు మెత్తని పదార్థమయ్యెను. అదే పట్టణమున 1949లో నిక్ క్రీమ్ అను యంత్రపనివాడు భార్య కోస్మాతో కలిసి, ఇట్టి వినైలుతో వానపామును పోలిన ఎరను పోసెను. మన పల్లెలలో చెరువుగట్టున కూర్చున్న పిల్లవాడు గాలమునకు వానపామునే గ్రుచ్చును గదా! ఆ పిల్లవాని యెరయే అచ్చులో పడి వ్యాపారవస్తు వయ్యెను. తరువాత వారి వ్యాపారము టెక్సాస్ రాష్ట్రములోని టైలర్ నగరమునకు తరలిపోయెను. నేడు ఆ మెత్తని ఎర వానపాము రూపమునను, చిన్నచేప రూపమునను, రొయ్య రూపమునను, కప్ప రూపమునను లోకమంతట వ్యాపించియున్నది. మనయెడ పండుగప్పకు చిన్నచేప వంటి ఎరను, 2016లో తెలంగాణ రాష్ట్రమీనముగా ప్రకటింపబడిన కొర్రమీనునకు కప్పవంటి ఎరను వేయు గాలపువారు కలరు.

ఇక సిలికోన్ కథ మరియొక తీరుది. ఇంగ్లాండులోని నాటింగ్‌హాములో ఆచార్యుడైన ఫ్రెడరిక్ కిప్పింగ్ ఇసుకయొక్క మూలధాతువగు సిలికాన్‌తో కూడిన పదార్థములను దాదాపు నలువది యేండ్లు శోధించెను. సిలికోన్ అను పేరు ఆయన పెట్టినదే. ఐనను ఈ శాఖ త్వరలో పెద్ద ప్రయోజన మిచ్చునని ఆయనకు ఆశ కలుగలేదు. 1940లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయందు యూజీన్ రోకో అను రసాయనశాస్త్రజ్ఞుడు ఈ పదార్థములను విరివిగా చేయుటకు సులభమార్గమును కనిపెట్టెను. పిమ్మట కర్మాగారములు వెలసెను. పునాది వేసినవాడు ఇల్లు ఊహింపకున్నను, పునాది వృథపోలేదు.

ఈ రబ్బరునకు అచ్చుపనిలో ఇంత గౌరవ మేల కలిగెను? చెట్టుపాల రబ్బరులో వెన్నెముకవంటి గొలుసు బొగ్గుమూలకముతో కట్టబడియుండును. సిలికోన్‌లో ఆ గొలుసు సిలికాన్, ఆమ్లజనకము ఒకటి విడిచి ఒకటిగా కూర్చబడియుండును. ఈ కట్టు వేడికి త్వరగా తెగదు. కావున 200 డిగ్రీల సెంటీగ్రేడు వరకును అచ్చు తాళగలదు. గొలుసుకు వెలుపలి వైపున అంటుగుణము లేని అణుసముదాయము లుండుటచేత తక్కిన పదార్థములు దీనిని అంటుకొనవు. నీటిని పీల్చదు. వంచినచో వంగి, విడిచినచో మరల యథారూపము పొందును. ఎర పోయుటకు కావలసిన గుణములన్నియు ఇందు కలవు.

మన పూర్వుల పోతపనితో దీనిని పోల్చిచూతము. కల్యాణీ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు మైనముతో ప్రతిమను చేసి, దానికి మట్టి పూసి, మైనమును కరగించి తీసి, ఆ చోటున లోహమును పోయు విధానము వర్ణింపబడినది. అందు మైనపు బొమ్మయు నిలువదు, మట్టి అచ్చును నిలువదు. ప్రతిమ యొక్కటే మిగులును. ఒక్కొక్క ప్రతిమకు ఒక్కొక్క అచ్చు. సిలికోన్ అచ్చులో మాతృకయు నిలుచును, అచ్చును నిలుచును, ప్రతులు ఎన్నియో వచ్చును. ఇది సౌకర్యము. కాని ఇందే ఒక బాధ్యతయు నున్నది. మైనపుపోతలో చేసిన లోపము ఒక్క ప్రతిమతో పోవును. రబ్బరు అచ్చులో పడిన లోపము ప్రతి ప్రతియందును మరల మరల కనబడును. మాతృకమీది వ్రేలిముద్రనుసైతము సిలికోన్ విడువక పట్టుకొనును. కావున పోయుటకు ముందు చేయు పనియే పని. పోయుట దానికి ఫలము మాత్రమే.

మాతృకను కర్రతో గాని, మైనముతో గాని, మట్టితో గాని చేయవచ్చును. ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడుకర్ర వంటి మెత్తని, సన్నని పోగుగల కర్ర ఇందుకు తగియుండును. కర్రలోని సూక్ష్మరంధ్రములను లక్కపూతతో మూసి, ఆరనిచ్చి, నునుపు చేయవలెను. తోకను ఎంత పలుచగా చేసిన అంత యాడును గాని, మిక్కిలి పలుచనైన చోటికి కరగిన ప్లాస్టిక్ చేరకమునుపే చల్లబడిపోవును. ఆటకును పోతకును నడుమ తగినంత మందము నెన్నుకొనవలెను. పరులు చేసి అమ్ముచున్న ఎరను తెచ్చి దానిమీదనే అచ్చు తీయుట సులభమే. తన గాలమునకు వాడుకొన్నను, దానిని అంగడిలో పెట్టి యమ్ముట పరుల శ్రమను అపహరించుటయే యగును. హక్కులు కాపాడబడిన రూపమైనచో చట్టమునకును విరుద్ధమగును. చేతిపనివారమైన మనము ఇతరుల చేతిపనిని గౌరవింపవలెను.

పిదప రబ్బరు నెన్నుకొనుట. అంగడిలో ఇది రెండు సీసాలుగా దొరకును. రెండింటిని కలిపినప్పుడు గట్టిపడును. ఇందు రెండు జాతులు కలవు. ఒకటి తగరపు సమ్మేళనముచే గట్టిపడునది. దీని వెల తక్కువ. మాతృక ఏ పదార్థముతో చేసినదైనను అంతగా పట్టించుకొనదు. కాని గట్టిపడునప్పుడు కొంత ద్రవము ఆవిరియై పోవుటచేత అచ్చు కొంచెము కుంచించుకొనును, ఏండ్లు గడచినకొలది పెళుసెక్కును. రెండవది ప్లాటినముచే గట్టిపడునది. ఇది కుంచించుకొనుట అత్యల్పము, ఎక్కువకాలము మన్నును. కాని ఇది మిక్కిలి సుకుమారము. గంధకము, తగరము, కొన్ని అమోనియాజాతి పదార్థములు సోకినచో ప్లాటినముయొక్క శక్తి యుడిగి, రబ్బరు తగిలినచోట జిగటగానే నిలిచిపోవును. పిల్లలు ఆడుకొను కొన్ని రంగు మట్టులలో గంధకముండును. చెట్టుపాల రబ్బరు చేతితొడుగులలో నుండును. నగల మైనపుపోతకు గంధకముతో కాచిన రబ్బరు అచ్చులు వాడు ఇండ్లలో ఆ పనిబల్లమీద నుండును. అట్టి బల్లమీద ప్లాటినపు సిలికోన్‌ను పోయుటకు ముందు ఒక చిన్న తునకమీద పరీక్షించుట మంచిది. తగరపు సిలికోన్‌తో చేసిన పాత అచ్చుమీద ప్లాటినపు సిలికోన్‌ను పోయుటయు కూడదు. కారణ మెరిగినవానికి ఇది జాగ్రత్త. ఎరుగనివానికి డబ్బు పోయినదను దిగులు.

ఎంత రబ్బరు కావలెనో లెక్క చూతము. పెట్టె లోపలి కొలత 12 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల లోతు అనుకొందము. హెచ్చించగా 180 ఘనసెంటీమీటర్లు. సిలికోన్ నీటికంటె కొంచెము బరువు, ఘనసెంటీమీటరునకు 1.1 గ్రాము చొప్పున వేసిన 198 గ్రాములగును. పదింటికి ఒకటి పాలు కలుపవలసిన రకమైనచో 180 గ్రాముల రబ్బరునకు 18 గ్రాముల గట్టిపరచు ద్రవము. మాతృక ఆక్రమించు చోటు మిగులును గదా, అది పాత్రకు అంటుకొనిపోవు దానికి సరిపోవును. కంటి అంచనా పనికిరాదు. బంగారము తూచు శ్రద్ధతో త్రాసుననే తూచవలెను. త్వరగా గట్టిపడవలెనని రెండవ ద్రవమును ఎక్కువ పోయుట తప్పు. పాళ్లు చెడినచో అచ్చు బలహీనమగును, లేదా ఎన్నటికిని గట్టిపడదు.

కలుపునప్పుడు పాత్ర అడుగును, అంచులను గీకి కలుపవలెను. కలుపుటలో గాలి చేరి బుడగ లగును. గాలిని లాగు యంత్రము లేనివారు రెండుపనులు చేయవచ్చును. మొదట మాతృకమీద కుంచెతో పలుచగా ఒక పూత వేయవలెను. పిమ్మట పాత్రను ఎత్తున పట్టి, పెట్టెలో ఒక్క మూలన, సన్నని దారమువలె పోయవలెను. దారము సాగునప్పుడు బుడగలు తెగును. ద్రవము తనంతట తాను ప్రాకి మాతృకను కప్పునప్పుడు గాలిని ముందునకు త్రోసికొనిపోవును. మాతృకమీద నేరుగా పోసినచో గాలి దానిక్రింద చిక్కును.

ఒకవైపు చదునుగా నుండు ఎరకు ఒక్క అచ్చు చాలును. అన్నివైపుల గుండ్రని ఎరకు రెండు చెక్కల అచ్చు కావలెను. మాతృకను సగమువరకు గంధకములేని మట్టిలో పూడ్చి, చుట్టును మట్టిలో చిన్న గుంటలు పెట్టి, మొదటి చెక్కను పోయవలెను. గట్టిపడినపిదప త్రిప్పి, మట్టిని తీసివేసి, రెండవ చెక్కను పోయవలెను. గుంటలవలన ఏర్పడిన బొడిపెలు రెండవ చెక్కలో కూర్చొని, రెండింటిని కదలనీయవు. ఇచ్చట ముఖ్యమైన మాట యొకటి కలదు. సిలికోన్ దేనికిని అంటదంటిని గాని, సిలికోన్‌కు సిలికోన్ అంటుకొనును. రెండవ చెక్క పోయుటకు ముందు మొదటిదానిమీద వ్యాజిలీను వంటిది పలుచగా పూయనిచో రెండు చెక్కలును ఒక్క ముద్దయై మాతృక లోపల సమాధియగును. పూత మందమైనచో ఆ కుంచెగీతలే అచ్చులో పడును. పోయుటకు ఒక ద్వారమును, తోకకొన మొదలగు చివరలనుండి గాలి పోవుటకు సన్నని దారులను ఉంచవలెను. ఈ మాట పోతపనివారికి నేను చెప్పవలసినది కాదు. గాలికి దారిలేని అచ్చున లోహమైనను ప్లాస్టిక్కైనను నిండదు.

ఇంతవరకు చెప్పిన పనిలో తప్పినచో పోవునది డబ్బు. ఇకమీద చెప్పబోవు పనిలో తప్పినచో పోవునది ఒళ్లు. దయచేసి శ్రద్ధతో ఆలకింపుడు.

ఎరకు పోయు ద్రవమును ప్లాస్టిసాల్ అందురు. ఇది పాలవలె తెల్లగా నుండును. నూనెవంటి ద్రవములో వినైలు పొడి తేలుచుండుటయే దీని స్వరూపము. వేడిచేయగా మొదట చిక్కబడి ముద్దకట్టును. భయపడక మెల్లగా కలుపుచు వేడి పెంచినచో సుమారు 175 డిగ్రీల సెంటీగ్రేడునొద్ద పొడి నూనెలో పూర్తిగా కలిసి, తేటయైన పాకమువలె జారును. అదే పోయదగిన సమయము. 200 డిగ్రీలు దాటనిచ్చినచో పసుపెక్కి, పిదప నల్లబడి పొగ విడుచును. ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ అను ఘాటైన వాయువుండును. అది తేమతో కలిసినప్పుడు ఆమ్లమగును. మన కన్ను, ముక్కు, ఊపిరితిత్తులు తేమగలవియే. కావున వేడిని కొలుచు సాధనము లేక ఈ పనికి పూనుకొనరాదు. పాకము రంగును చూచి వేడిని గుర్తించుట బెల్లపుపాకమునకు చెల్లునేమో గాని దీనికి చెల్లదు. రంగు మారుసరికే వాయువు వెలువడియుండును.

రెండవ శత్రువు నీరు. కరగిన ప్లాస్టిసాల్‌లో ఒక్క నీటిబొట్టు పడినచో అది తటాలున ఆవిరియై వేయిరెట్లకు మించి వ్యాపించి, కాగిన పాకమును ముఖముమీదికి చిమ్మును. అది నూనెవలె జారిపోక, బంకవలె చర్మమునకు అంటుకొని కాల్చును. ప్లాస్టర్ అచ్చులలో తేమ దాగియుండుటచేత ఈ అపాయ మెక్కువ. సిలికోన్ నీటిని పీల్చకపోవుట దాని గొప్ప సుగుణము. ఐనను కడిగిన అచ్చు మడతలలో నీరు నిలువవచ్చును; పూర్తిగా ఆరనిదే పోయరాదు. చెమటకారు చేతులతోను, తడిగరిటెతోను దగ్గరకు రాకూడదు.

మూడవది స్థలము. ఈ పని వంటయింట చేయదగదు. పాత్రయు, గరిటెయు, పొయ్యియు దీనికే ప్రత్యేకముగా నుండవలెను. వానిలో తిరిగి అన్నము వండరాదు. ప్లాస్టిసాల్‌లోని నూనెద్రవము తరచుగా థాలేట్ జాతికి చెందినదై యుండును. ఈ జాతిలో కొన్నిటివలన పిల్లలకు హాని కలుగునని తలచి యూరోపియన్ యూనియన్ 2005లో వానిని బొమ్మలనుండి బహిష్కరించెను. థాలేట్ లేని రకములు దొరకును; అట్టివానినే కోరవలెను. బయట, గాలివాటున, వాయువునకు తగిన వడకట్టు ముసుగు ధరించి, కండ్లద్దములు పెట్టుకొని, నిండుచేతుల చొక్కా, వేడినాపు చేతితొడుగులు వేసికొని చేయవలెను. ముక్కుకు గుడ్డ చుట్టుట ధూళికి అడ్డుగాని వాయువునకు అడ్డుగాదు. పిల్లలను, గర్భిణులను దరికి రానీయరాదు.

పోయునప్పుడు తెంపులేక ఒక్క ధారగా పోయవలెను. చల్లారుకొలది పాకము కుంచించి ద్వారమున గుంటపడును. అంతలో మరికొంచెము పోసి నింపవలెను. లోహపు అచ్చు వేడిని త్వరగా లాగివేయును; సిలికోన్ లాగదు. కావున ఓపికతో ఆగి, గట్టిపడినపిదప మాత్రమే తీసి, చల్లని నీటిలో తిన్నగా పరుండబెట్టవలెను. వంకరగా చల్లారిన ఎర వంకరగానే యుండును, నీటిలో గిరగిర తిరిగి తాడును మెలిపెట్టును. చెడిపోయిన ఎరలను పారవేయ నక్కరలేదు. నీరు తుడిచి, గాలము తీసి, మరల కరగించి పోయవచ్చును. ఇంటిపోతవలన గల నిజమైన లాభ మిదియే.

ఈ మాటయే నన్ను చివరి విషయమునకు తెచ్చుచున్నది. ఈ ఎర కుళ్లదు. వానపాము నీటిలో పడినచో చేపకు ఆహారమగును, లేదా మట్టిలో కలియును. వినైలు ఎర పడినచోటనే యుండును; చేపలు దానిని మ్రింగుచుండుటయు కలదు. 2013లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున ఇట్టి ఎరలను నిషేధింపవలెనని శాసనసభలో బిల్లు వచ్చెను. నిషేధము శాసనము కాలేదు. విషయమును పరిశీలింపుడని మత్స్యశాఖకు అప్పగించిరి. శాసనము వచ్చువరకు మనము వేచియుండ నక్కరలేదు. చినిగిన ఎరను చెరువులో విసరక జేబులో వేసికొని వచ్చుటకు ఏ శాసనమును అవసరము లేదు. తన ఎరను తానే పోసికొనువానికి ఇది మరింత సులభము; అంగడిలో కొన్నవానికి చినిగిన ఎర చెత్త, పోసికొనువానికి అది రేపటి పోతకు ముడిసరకు.

సభ్యమహాశయులారా! నేను చెప్పినదంతయు ఒక్కమాటలో కూర్చవలెనన్నచో, అచ్చు దేనిని దాచిపెట్టదు. మాతృకయందలి నునుపును ఇచ్చును, గరుకును ఇచ్చును; తూకమునందలి శ్రద్ధను చూపును, తొందరను చూపును. మన యింటి పిల్లలు ఈ పనికి దిగినచో వలదని కసరుట కంటె, పక్కన కూర్చుండి, నీరేల కూడదో, గంధకమేల కూడదో, వేడి ఎంతవరకో, పొగ ఏమి చేయునో అడిగి చెప్పించుట మేలు. కారణము చెప్పగలిగిన పిల్లవాని చేతికి పాత్ర నీయవచ్చును. చెప్పలేనివాడు మరికొంతకాలము చూచుచు నేర్చుకొనవలెను. కొలిమియొద్ద మన పెద్దలు పాటించిన పద్ధతియు నిదియే గదా! ఎరుక గల చేతులలో ఈ చిన్నపని వినోదమునకు వినోదము, కొందరికి కొంత జీవనాధారమును కాగలదు.